చౌరస్తాలో సైకిల్ ఎందుకు కనబడదు?

హైదరాబాద్ నుంచి చెన్నై వైపు పోయే లారీలు విజయవాడ తగలకుండా పోవాలంటే నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పట్టుకుంటాయి. మిర్యాలగూడ బియ్యం, వాడపల్లి సిమెంటు వచ్చేదీ ఈ దారినే. నల్లగొండ ఊళ్లోకి తిరిగే మర్రిగూడ బైపాస్ దగ్గర ఆ బరువు బండ్ల నడుమ నుంచే బడిపిల్లలు, పాల క్యాన్లు కట్టుకున్నవాళ్లు, పనికి పోయే కూలీలు సైకిళ్ల మీద దాటాలి. ప్రమాదం జరిగితే ‘చూసుకోలేదు’ అని ఒక్క మాటతో తేల్చేస్తాం. కానీ చూసినా కనబడకపోవడానికి ఒక లెక్క ఉంది.

గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఒక సైకిల్, 60 కిలోమీటర్ల వేగంతో ఒక కారు ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రోడ్ల మీద ఒకే కూడలికి వస్తున్నాయనుకోండి. ఢీకొనడానికి 10 సెకన్ల ముందు కూడలికి సైకిల్ 42 మీటర్ల దూరంలో, కారు 167 మీటర్ల దూరంలో ఉంటాయి. 5 సెకన్లు గడిచేసరికి రెండు దూరాలూ సగమవుతాయి. కారు, సైకిల్, కూడలి కలిసి ఏర్పడే త్రిభుజం చిన్నదైంది గానీ కోణాలు మారలేదు. అంటే డ్రైవర్ కంటికి సైకిల్ మొదట ఏ పక్కన ఉందో చివరిదాకా అక్కడే ఉంటుంది. మన కంటి కొస కదిలేదాన్ని ఇట్టే పట్టేస్తుంది, కదలనిదాన్ని వదిలేస్తుంది. పైగా కారు ముందు అద్దానికీ తలుపుకూ మధ్య ఇనుప కమ్మీ ఒకటి ఉంటుంది. అది అరచేతి వెడల్పే అయినా, వంద మీటర్ల అవతల ఉన్న సైకిల్‌ను మనిషితో సహా కప్పేస్తుంది. కోణం మారదు కాబట్టి కప్పింది కప్పినట్టే ఉండిపోతుంది.

ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్‌లో ఇప్లీ క్రాస్ అనే కూడలి ఉంది. చుట్టూ బయలే, ఎంత దూరం నుంచైనా రోడ్డు కనబడుతుంది. అయినా 2011లో ఒకరు, 2016లో ఒకరు అక్కడ సైకిల్ మీద పోతూ కారు తగిలి చనిపోయారు. ఈ మారని కోణం ఓడలు నడిపేవాళ్లకు పాత పాఠమే: ఎదుటి ఓడ మనకు కనబడే దిక్కు మారకుండా దగ్గరవుతుంటే ఢీకొనే ప్రమాదం ఉన్నట్టేనని అంతర్జాతీయ సముద్రయాన నియమాల్లోనే ఉంది. సైకిల్ మీద ఉన్నవాళ్లూ ఇలాగే చూసుకోవచ్చు. వచ్చే బండి పక్కకు జరగకుండా, ఉన్నచోటనే పెద్దదవుతుంటే బ్రేకు వేయండి. వేగం తగ్గగానే కోణం మారుతుంది, ఆ కమ్మీ చాటు నుంచి బయటపడతారు.

ఎడమకు తిరిగే లారీది ఇంకో లెక్క. దాని వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు చక్రం 10 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే, 6 మీటర్లు వెనకున్న చక్రం 8 మీటర్ల వ్యాసార్ధంలోనే తిరుగుతుంది. బడిలో చెప్పిన పైథాగరస్ సూత్రమే ఇది. ఆ 2 మీటర్ల సందులోనే సైకిల్ ఆగి ఉంటుంది, ఖాళీగా ఉంది కదా అని. డ్రైవర్ కూర్చునేది కుడివైపు, అదీ ఎత్తులో. ఎడమ తలుపు కింద ఏముందో అతనికి కనబడదు. అందుకే క్లీనర్ తల బయటపెట్టి, తలుపు మీద చరిచి చెబుతుంటాడు. అన్ని లారీలకూ క్లీనర్ ఉండడు. కాబట్టి ఆగిన లారీకి ఎడమ పక్కన చేరొద్దు, దాని వెనకే ఆగండి. ఈ ఒక్క జాగ్రత్త పిల్లలకు బడిలోనే నేర్పాలని నా పట్టుదల.

రోడ్డు దాటడానికీ ఒక లెక్కుంది. ఆగిన సైకిల్ కదిలి రెండు వరుసల రోడ్డు దాటడానికి దాదాపు 6 సెకన్లు పడుతుంది, బరువుంటే ఇంకా ఎక్కువ. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఆలోగా 100 మీటర్లు వచ్చేస్తుంది.

కుడికి తిరగాలంటే రోడ్డు నడిమధ్యకు పోనక్కర్లేదు. ఎడమ అంచునే నేరుగా అవతలి మూలకు దాటి, అక్కడ సైకిల్ తిప్పుకుని, ఆ వైపు బండ్లు కదిలినప్పుడు రెండోసారి దాటాలి. డెన్మార్క్‌లో బండ్లు నడిచేది కుడివైపు కాబట్టి, అక్కడ ఎడమకు తిరిగే సైకిళ్లకు ఇదే పద్ధతి. ఒక నిమిషం ఆలస్యమవుతుంది, అంతే.

అయితే భారమంతా సైకిల్ తొక్కేవాళ్ల మీదే వేయడం న్యాయం కాదు. నెదర్లాండ్స్‌లో కూడలి మూలల్లో చిన్న కట్టలు కట్టి మలుపును ఇరుకు చేస్తారు. బండి నెమ్మదిస్తేనే తిరుగుతుంది, సైకిల్ ఆ కట్ట వెనక ఆగుతుంది, డ్రైవర్‌కు ఎదురుగా కనబడుతుంది. మన బైపాస్‌ల దగ్గర మలుపులు లారీ వేగం తగ్గకుండా వెడల్పుగా వేస్తున్నారు. మూలన కట్ట కట్టడానికి కొత్తగా భూమి సేకరించే పని లేదు, ఆ వెడల్పులోనే చోటుంది.