నేత్ర శిబిరములందు మన బిడ్డల సేవ

వైద్యసేవ యనగానే అది వైద్యులును నర్సులును మాత్రమే చేయదగిన పని యని మనలో పెక్కుమంది తలంతురు. మందు పేరైన నెరుగని విద్యార్థికి అచ్చట పనియేమి, చదువు చెడదా యని తలిదండ్రులు మమ్ము అడుగుచుందురు. ఈ ప్రశ్న సహజమైనది. దీనికి సమాధానము మన ప్రాంతపు చరిత్రలోనే యున్నది.

దైవభక్తి ప్రేరణగా వైద్యము బీదల యొద్దకు నడచివచ్చుట మన దేశమున క్రొత్త గాదు. 1883లో గుంటూరు చేరిన అన్నా కుగ్లరు స్త్రీలకు వైద్యము చేయుచు, 1898లో వారికై ఆసుపత్రి నెలకొల్పెను. వేలూరులో ఐడా స్కడ్డరు 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల ప్రారంభించెను. ఆ సంవత్సరముననే కోవిల్‌పట్టి ప్రాంతమున, నేటి తూత్తుకుడి జిల్లాలోని వడమలాపురమను పల్లెలో, తెలుగు మాటలాడు రైతు కుటుంబమున గోవిందప్ప వెంకటస్వామిగారు జన్మించిరి.

వారు 1944లో మదరాసు స్టాన్లీ వైద్య కళాశాలలో పట్టము పొంది, సైన్యమున వైద్యులుగా పనిచేసిరి. ప్రసూతి వైద్యుడు కావలెనని వారి కోరిక. కాని తీవ్రమైన కీళ్లవాతము వలన వ్రేళ్లు వంకరపోయెను. 1948లో సైన్యము విడువవలసి వచ్చెను. ఆ వంకర వ్రేళ్లతోనే కత్తి పట్టుట అభ్యసించి వారు నేత్రవైద్యులైరి. తమ జీవితకాలమున లక్షకు పైగా కంటి శస్త్రచికిత్సలు చేసిరి. 1973లో పద్మశ్రీ బిరుదము పొందిరి. ప్రభుత్వోద్యోగము నుండి విరమించిన పిదప, 1976లో మదురైలో పదునొకండు మంచములతో ఆసుపత్రి నొకదానిని స్థాపించి, తాము గురువుగా నెంచిన శ్రీ అరవిందుల పేరు దానికి పెట్టిరి. అదియే అరవింద నేత్ర వైద్యశాల. చేయు పనిని దైవమున కర్పించుటయే సాధన యన్నది వారి విశ్వాసము. అయినను రోగి ఏ మతమువాడని అడుగుట వారి పద్ధతి కాదు. వారు 2006లో పరమపదించిరి. వారి కార్యము నేటికిని సాగుచున్నది.

ఇక శిబిరమనగా నేమో చెప్పెదము. ఊరిలోని ఒక సంఘమో, పాఠశాలయో స్థలమును, ప్రచారమును, భోజనమును చూచుకొనును. వైద్యబృందము ఆసుపత్రి నుండి వచ్చును. కండ్లు పరీక్షించి, అవసరమైనవారికి కళ్లద్దములు వ్రాసి యిత్తురు. శుక్లము గలవారిని వాహనములో ఆసుపత్రికి గొనిపోయి, ఉచితముగా శస్త్రచికిత్స చేసి, మరల ఊరు చేర్చుదురు. శుక్లమనగా కంటిలోపలి కటకము మసకబారుట. చుక్కల మందుతో అది పోదు. మసకబారిన కటకమును తీసి, కృత్రిమ కటకమును అమర్చవలెను. పూర్వము మిక్కిలి ఖరీదైన ఆ కటకమును 1992 నుండి మదురైలోని ఆరోలాబ్ సంస్థ తక్కువ వెలకు తయారుచేయుచున్నందున బీదలకును అది అందుచున్నది.

వైద్యము ఉచితమైనను జనులు వచ్చుచున్నారా? తమిళనాటి పల్లెలలో జరిపి 1999లో ప్రకటించిన యొక పరిశోధన ప్రకారము, కంటి బాధ గలవారిలో నూటికి ఏడుగురి కంటె తక్కువమందియే శిబిరములకు వచ్చిరి. కత్తి యన్న భయము, ఖర్చు, ఇంటి బాధ్యతలు వారిని ఆపినవి. వెంట ఎవరు వత్తురు, మేకల నెవరు చూతురు, ఈ వయసున నాకు చూపెందుకు అని ముసలివారు వెనుదీయుదురు. వైద్యుడు శిబిరము వరకు రాగలడు. ప్రతి గడపకును రాలేడు. ఆ మిగిలిన దూరము నడువవలసినవాడే సేవకుడు.

ఇచ్చట మన బిడ్డలకు ప్రత్యేకమైన అర్హత యొకటి కలదు. కోవిల్‌పట్టి, విరుదునగరు ప్రాంతముల నల్లరేగడి పల్లెలలోని మన అవ్వలకు తమిళము రాకపోలేదు. సంతలో వారు తమిళమే మాటలాడుదురు. కాని భయము కలిగినపుడు నోట వచ్చునది ఇంటి మాటయే. “అవ్వా, నేను నీ పక్కనే ఉంటాను” అని తన భాషలో చెప్పు మనుమరాలి వంటి పిల్ల యొక్కతె యున్నచో, ఆమె లేచి బయలుదేరును. మన భాష ఇంటిలోనే నిలిచిపోక, ఒకరికి ధైర్యమిచ్చుటకు పనికివచ్చుట కంటె దానికి గౌరవమేమి కలదు?

సేవకుని పనులు ఇవి: ముందుగా ఇల్లిల్లు తిరిగి చెప్పుట, పేర్లు వ్రాసుకొనుట, చేయి పట్టి వరుసలో కూర్చుండబెట్టుట, వైద్యుని మాట విడమరచి చెప్పుట. శస్త్రచికిత్స అయినవారి యింటికి పోయి, చుక్కలు వేసుకొనుచున్నారా, కన్ను నలుపుకొనక పొయ్యి పొగకు దూరముగా నున్నారా యని విచారించుట వీటిలో ముఖ్యము. చేయరానివియును గలవు. కన్ను తాకరాదు, మందు చెప్పరాదు, రోగి ఛాయాచిత్రము తీసి పదిమందికి చూపరాదు. రాననువారిని బలవంతపెట్టరాదు, మరల పోయి మరల చెప్పవలెను.

చదువునకు భంగము కలుగకుండ, సెలవు దినములందు జరుగు శిబిరములకు మాత్రమే, తలిదండ్రుల వ్రాతపూర్వకమైన సమ్మతితో, ఉపాధ్యాయుల వెంట పిల్లలను పంపుట మంచిదని మా యభిప్రాయము. పేరు చదువుట, వయసు వ్రాయుట, పెద్దలతో మర్యాదగా మాటలాడుట కూడ చదువే గదా.

తలిదండ్రులకు మా మనవి యొకటి. బిడ్డను పంపుటకు ముందు మీ యింటి పెద్దలను చూడుడు. ఒక కన్ను మూసి, రెండవ కంటితో గోడమీది క్యాలెండరులోని అంకెలు చదువుమనుడు. తరువాత రెండవ కన్ను మూసి చదువుమనుడు. ఒక కంటికైనను అంకెలు మసకగా నున్నచో, “వయసు గదా” యని ఊరకుండక పరీక్ష చేయింపుడు. శుక్లము ముదిరిన పిదపనే చికిత్స యన్న పాతమాట నమ్మవలదు. మన బిడ్డ చేయి పట్టి నడిపించు మొదటి అవ్వ మన యింటి అవ్వయే కావచ్చును.