నెమరు ఆగితే గండమే!

గేదె నోట్లో పై దవడకు ముందుపళ్లు ఉండవు. ఊడిపోయాయనుకునేరు... అసలు మొలవనే మొలవవు! ఆ చోట గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. అయినా ఎండుగడ్డి తిని చిక్కటి పాలిస్తుంది. ఎలా? రహస్యమంతా కడుపులోనే ఉంది. ఆ కడుపు సంగతి తెలిస్తే చాలు, కొన్నిసార్లు గేదె ప్రాణమే నిలబడుతుంది.

గోదావరి డెల్టాలో పాడికి ఆధారం వరిగడ్డే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఊరూరా వరిచేలు పెరిగాయి. గింజ మనిషికి, గడ్డి గొడ్డుకు. మనం తింటే అరగని ఆ గడ్డిని గేదె అరిగించుకుంటుంది.

నాలుగు గదుల ఇల్లు

గేదెకు నాలుగు కడుపులంటారు. నిజానికి ఒకటే కడుపు, గదులే నాలుగు. అన్నిటికన్నా పెద్దది రూమెన్. పొట్టలో ఎడమవైపు దాదాపు అంతా ఇదే. పెద్ద గేదెలో వంద లీటర్లకు పైనే పడుతుంది. గబగబా మింగిన మేత ముందు ఇందులోకే చేరుతుంది. తీరిగ్గా పడుకున్నాక మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నములుతుంది. అదే నెమరు. రోజుకు ఏడెనిమిది గంటలు దీనికే సరి.

గడ్డిని నిజంగా అరిగించేది గేదె కాదు, రూమెన్‌లో కాపురముండే సూక్ష్మజీవులు. ఒక్క మిల్లీలీటరు ద్రవంలో వెయ్యి కోట్లకు పైగా బ్యాక్టీరియా ఉంటాయి! అవి గడ్డిని పులియబెట్టి ఆమ్లాలు తయారుచేస్తాయి. వాటిలో ఒకటైన ఎసిటిక్ ఆమ్లం పాలలో వెన్నకు ముడిసరుకు. పులుపు మితిమీరకుండా చూసేది లాలాజలం. ఎంత నెమరేస్తే అంత లాలాజలం ఊరుతుంది. అందుకే పీచున్న గడ్డి తప్పనిసరి.

పెళ్లి అన్నం... ప్రాణాంతకం

పెళ్లిలోనో, సంతర్పణలోనో అన్నం మిగులుతుంది. పారేయడమెందుకని గంగాళం నిండా గేదె ముందు పెడతారు. అదీ ఆబగా తినేస్తుంది. ముప్పు అక్కడే మొదలు! గడ్డి నెమ్మదిగా పులుస్తుంది, అన్నం ఒక్కసారిగా పులుస్తుంది. పిండిపదార్థాన్ని తినే బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. గడ్డిని అరిగించేవి ఆ పులుపుకి చచ్చిపోతాయి. ఒంట్లోని నీరు రూమెన్‌లోకి చేరి, రక్తం చిక్కబడుతుంది. మేత ముట్టదు, నెమరు ఉండదు, పేడ నీళ్లలా పుల్లటి వాసనతో పడుతుంది. తూలుతుంది, కూలబడుతుంది. వైద్యం ఆలస్యమైతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. తవుడు, నూకలు, పిండి ఒక్కసారిగా ఎక్కువైనా ఇదే ప్రమాదం. కొత్త దాణా ఏదైనా రెండు మూడు వారాలపాటు కొద్దికొద్దిగా అలవాటు చేయాలి.

గుండె పక్కనే మేకు

రెండో గది రెటిక్యులం. లోపలిగోడ తేనెపట్టులా ఉంటుంది. దీనికీ గుండెకూ మధ్య అడ్డు పలుచటి ఉదరవితానమే. గేదె నమలకుండా మింగుతుంది కాబట్టి మేతలో కలిసిన మేకు, తీగముక్క నేరుగా ఇక్కడ చిక్కుకుంటాయి. కడుపు కదిలినప్పుడల్లా ముందుకు గుచ్చుకుని ఒక్కోసారి గుండె పొరను చేరతాయి. పందిళ్లు విప్పిన చోట, ఇల్లు కట్టే చోట పశువును మేపకూడదని పశువైద్యులు చెప్పేది ఇందుకే. మిగిలిన రెండు గదుల్లో ఒమేసం నీటిని పీల్చుకుంటుంది. అబొమేసం మన కడుపులాగే జీర్ణరసాలు ఊరుస్తుంది.

పిడికిలి పరీక్ష

పశువైద్య విద్యార్థులు నేర్చుకునే ఓ పరీక్షను మీరూ చేయొచ్చు. గేదె ఎడమవైపు, చివరి పక్కటెముక వెనకున్న గుంటలో పిడికిలి ఆనించి రెండు నిమిషాలు ఆగండి. లోపలినుంచి అలలా రెండు మూడుసార్లు పైకి తోస్తే రూమెన్ బాగా పనిచేస్తున్నట్టే. కదలికే లేకపోయినా, గుంట ఉబ్బి డోలులా మోగినా వెంటనే పశువైద్యుణ్ని పిలవాలి. 1962కి ఫోన్ చేసినా సాయం అందుతుంది. ఈలోగా తల పైకెత్తి నూనెలూ కషాయాలూ బలవంతంగా పోయొద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి వెళితే మరో గండం.

సాయంత్రం పాలు పితికేముందు ఒక్కసారి గేదె నోటికేసి చూడండి. నెమరేస్తుంటే నిశ్చింత. నెమరు ఆగిందా... తెల్లారేదాకా మీరు ఆగొద్దు!