రోవర్స్ కప్పు - పోలీసు జట్టు ఐదేండ్లు

కడప, కర్నూలు మైదానములలో పందెపు ఆటలు చూచినవారికి నాకౌట్ పద్ధతి తెలియనిది కాదు. ఒక్కసారి ఓడిన జట్టు మూట సర్దుకొనవలసినదే. రేపు సరిదిద్దుకొందమను వీలు లేదు. ఇట్టి ఫుట్‌బాల్ పోటీలో ఒకే జట్టు వరుసగా ఐదేండ్లు కప్పును నిలుపుకొనుట సామాన్యమా?

బొంబాయిలో 1891లో మొదలైన రోవర్స్ కప్పు చాలకాలము బ్రిటిషు సైనిక దళముల సొత్తుగా ఉండెను. భారతీయ జట్టు దానిని అందుకొనుటకు 1937 వరకు పట్టినది; ఆ ఘనత బెంగుళూరు ముస్లిం జట్టుది. 1950 నుండి 1954 వరకు కప్పు హైదరాబాదు సిటీ పోలీసు జట్టును వీడలేదు.

వారి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిచే ఉపాధ్యాయుడు. బంతిని కాలివద్దనే త్రిప్పుచు ఒక్కడే ముందుకు పోవుట ఆయనకు గిట్టదు. త్వరగా తోటివానికి అందింపవలెను. అందుకై డ్రిబ్లింగు నిషేధించిన పోటీలను, అలవాటులేని కాలితోనే తన్నవలసిన పోటీలను నడిపించెను. చూచువారికి మొదట నవ్వు వచ్చియే ఉండును. కాని రెండు కాళ్లూ సమముగా పనిచేయు ఆటగానిని ప్రత్యర్థి ఏ వైపున అడ్డగించును?

ఆ రోజులలో హైదరాబాదు వేరు రాష్ట్రము. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని యైనను, ఆ పోలీసులను ‘మా జట్టు’ అనుటకు మనకు సరిహద్దు అడ్డు. 1956 నవంబరు 1న అది తొలగినది. 1960లో ఆంధ్ర పోలీసు అను పేరుతో కప్పు మరల మన రాష్ట్రమునకు వచ్చినది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారత జట్టును స్వర్ణపతకమునకు నడిపిన రహీం మరుసటి ఏడే కన్నుమూసెను. రోవర్స్ కప్పు 2000-01 పోటీతో ఆగిపోయినది.