కిలో తగ్గితే కొండంత బలం!

తూటాను ఆపాలి... సైనికుణ్ని మాత్రం ఆపకూడదు! కవచం తయారుచేసేవారికి తరతరాలుగా ఇదే పరీక్ష. తిరుమలగిరి కందకం నుంచి కంచన్‌బాగ్ పరిశోధనశాలల దాకా సాగిన ఆ ప్రయాణం ఆసక్తికరం.

కర్ణుడికి కవచం పుట్టుకతోనే వచ్చింది. ఒంట్లో భాగం కాబట్టి బరువు తెలిసేది కాదేమో! మామూలు సైనికుడికి ఆ వరం లేదు. తుపాకీ, తూటాలు, నీళ్లు, తిండి... వాటన్నిటితోపాటు కవచాన్నీ మోసుకుంటూ కొండ ఎక్కాల్సిందే.

గోడే రక్ష

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని తిరుమలగిరిలో ఒకప్పుడు రక్షణ అంటే గోడే. 1857 తిరుగుబాటుతో బెదిరిన ఆంగ్లేయులు కందకం తవ్వించి, బురుజులు కట్టించి తమ సేనల్ని లోపల ఉంచారు. అప్పటికే ఒంటిమీది ఇనుప కవచాలకు కాలం చెల్లింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో కనిపించే గొలుసు కవచాల్లాంటివి కత్తిని కాచేవి, తూటాను కాదు. తూటా దిగనంత మందంగా చేస్తే మనిషి కదల్లేడు. అందుకే సైనికుడు గుడ్డ యూనిఫాంతోనే యుద్ధానికి వెళ్లేవాడు.

మళ్లీ ఒంటిమీదికి...

మొదటి ప్రపంచయుద్ధం ఆ పద్ధతిని మార్చింది. కందకాల్లో దాక్కున్నా పైనుంచి పడే ఫిరంగి గుండ్ల ముక్కలు తలలు పగలగొట్టాయి. దాంతో 1915లో ఫ్రాన్స్, బ్రిటన్ సేనలకు ఉక్కు హెల్మెట్లు వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనిక వైద్యుడు మాల్కం గ్రో, బాంబర్ విమానాల సిబ్బందికి ఉక్కు పలకలు కుట్టిన జాకెట్లు తొడిగించారు. ఎగిరొచ్చే ముక్కల నుంచి అవి చాలా ప్రాణాలు కాపాడాయి.

అసలు మలుపు 1965లో! డ్యూపాంట్ సంస్థ శాస్త్రవేత్త స్టెఫనీ క్వోలెక్ పరిశోధన కెవ్లార్ అనే దారానికి దారితీసింది. అంతే బరువున్న ఉక్కుకన్నా అది అయిదురెట్లు బలమైంది. పిస్తోలు తూటాను ఆపగలిగింది. రైఫిల్ తూటాకు మాత్రం అదొక్కటే చాలదు.

పగిలి కాపాడుతుంది

అక్కడే పింగాణీ జాతికి చెందిన గట్టి పలకలు అక్కరకొచ్చాయి. తూటా తగలగానే పలక పగులుతుంది. పగులుతూ తూటా మొననూ చితక్కొడుతుంది. ఆ ముక్కల్ని వెనకనున్న దారాల పొరలు వలలా పట్టేస్తాయి. అయినా గండం పూర్తిగా గడిచినట్టు కాదు. తూటా ఆగినా దాని దెబ్బ లోపలికి తగులుతుంది, పక్కటెముకలు విరగొచ్చు. అందుకే జాకెట్ వెనక బంకమన్ను పెట్టి కాల్చి చూస్తారు. అమెరికా ప్రమాణాల ప్రకారం ఆ మన్నులో గుంట 44 మిల్లీమీటర్లు దాటకూడదు.

మన భాగ్యనగరం నుంచి...

కందకం తవ్విన తిరుమలగిరిలో ఇప్పుడు సైన్యానికి సాంకేతిక విద్య నేర్పే ఎంసీఈఎంఈ ఉంది. నగరానికి ఆ చివరనున్న కంచన్‌బాగ్‌లో లోహాలపై పరిశోధన సాగుతోంది. అక్కడి డీఎంఆర్ఎల్ యుద్ధట్యాంకులకు రూపొందించిన రక్షణ పొరకు ఆ ఊరి పేరు మీదే 'కంచన్' అని పేరు. 1973లో ఏర్పాటైన మిధాని సంస్థదీ కంచన్‌బాగే. భాభా అణు పరిశోధన కేంద్రం పరిజ్ఞానంతో అది 'భాభా కవచ్' తయారుచేస్తోంది. ఇందులో వాడే బోరాన్ కార్బైడ్ అత్యంత కఠిన పదార్థాల్లో ఒకటి. ఉక్కుతో పోలిస్తే బరువు మూడోవంతే!

దేశంలో బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లకు భారతీయ ప్రమాణం వచ్చింది 2018లో. ఆ ఏడాదే సైన్యం కోసం 1,86,138 జాకెట్లకు రూ.639 కోట్ల ఒప్పందం కుదిరింది. 2024లో ఢిల్లీ ఐఐటీతో కలిసి డీఆర్‌డీఓ రూపొందించిన 'అభేద్' బరువు, రక్షణ స్థాయిని బట్టి 8.2 కిలోల నుంచి మొదలవుతుంది.

ఇంకా మిగిలే ఉంది

కవచానికీ హద్దులున్నాయి. గట్టి పలకలు ప్రధానంగా ఛాతీనీ వీపునీ కాస్తాయి. చేతులూ కాళ్లూ ముఖమూ బయటే. పైగా శత్రువు ఎప్పుడూ తూటాతోనే రాడు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో రాళ్లూ ఇనుపరాడ్లే ఆయుధాలయ్యాయి. సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబు సహా 20 మంది మన సైనికులు అమరులయ్యారు.

అన్ని దెబ్బల్నీ కాచే కవచం ఇంకా పుట్టలేదు. అందుకే తగ్గించే ప్రతి కిలోకీ అంత విలువ. అది సైనికుడు మరో అడుగు చురుగ్గా పక్కకు తప్పుకునే అవకాశం... క్షేమంగా ఇంటికి చేరే అవకాశం!