పెరటి తలుపు తీసి ఉంది

300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగిన రోజు వెనుక ఖాతాదారులెవరూ పేరైనా వినని సాఫ్ట్‌వేర్

పుదుచ్చేరిలోని నెల్లితోపులో కిరాణా కొట్టు మొదలు టీ బంకు దాకా గల్లాపెట్టె పక్కనే క్యూఆర్ కోడ్ అట్ట. డబ్బు అందిందని స్పీకర్ చెబితేనే సరుకు చేతికొస్తుంది. ఆ స్పీకర్ వెనుక ఎవరి సర్వర్ ఉందో కొనేవాడికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. 2024 జూలై 31 లాంటి రోజు వస్తే తప్ప తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు.

ఆ రోజు జాతీయ చెల్లింపుల సంస్థ (ఎన్‌పీసీఐ) సీ-ఎడ్జ్ టెక్నాలజీస్‌ను తన వ్యవస్థ నుంచి వేరు చేసింది. టీసీఎస్, స్టేట్ బ్యాంకు ఉమ్మడిగా పెట్టిన ఈ సంస్థ సహకార, ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందిస్తుంది. దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు ఆగిపోయాయి. మర్నాటికి పునరుద్ధరించారు. దేశ చెల్లింపుల్లో వీటి వాటా అర శాతమేనన్నారు. నిజమే కావచ్చు. ఉన్న ఒక్క ఖాతా గ్రామీణ బ్యాంకులో ఉన్నవాడికి మాత్రం అది నూటికి నూరు శాతం.

దొంగలు సీ-ఎడ్జ్ తలుపు తట్టలేదు. బెంగళూరు సైబర్ భద్రతా సంస్థ క్లౌడ్‌సెక్ పరిశీలన ప్రకారం, దానితో కలిసి పనిచేసే బ్రాంటూ టెక్నాలజీ సొల్యూషన్స్‌లో సరిగా అమర్చని జెన్‌కిన్స్ సర్వర్ నుంచి దాడి మొదలైంది. ప్రోగ్రామర్లు రాసిన కోడ్‌ను పరీక్షించి, సర్వర్లకు చేర్చే పనిని తనంతట తానే చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ జెన్‌కిన్స్. ఆ పని చేయాలంటే మిగతా సర్వర్ల తాళంచెవులు దాని దగ్గరుండాలి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చేతిలోని తాళాల గుత్తి లాంటిదన్నమాట.

సర్వర్‌లో ప్రతి ఫైలుకూ చిరునామా లాంటి దారి ఉంటుంది. అనుమతి ఉన్న గది దాటకూడని ప్రోగ్రాము, బయటివాడు చెప్పిన దారి పట్టుకుని ఎక్కడికంటే అక్కడికి పోవడమే ‘పాత్ ట్రావర్సల్’. రెండేసి చుక్కలు పెట్టుకుంటూ మెట్టు మెట్టుగా పైకెక్కడం పాత పద్ధతి. జెన్‌కిన్స్‌లో అంత శ్రమ కూడా అక్కర్లేకపోయింది. ఈమెయిల్‌లో వాడే ‘ఎట్’ గుర్తు పెట్టి ఫైలు దారి రాస్తే చాలు, ఆ గుర్తుకు బదులు ఫైలులోని రాతనే తెచ్చిపెట్టేది. లాగిన్ కానివారికి మొదటి కొన్ని పంక్తులు, చదివే అనుమతి ఉన్నవారికి ఫైలంతా. విచిత్రమేమంటే దీన్ని మొదట సౌకర్యంగానే పెట్టారు. అలా చేజిక్కిన రహస్య తాళంచెవితోనే దుండగులు లోపలికి ప్రవేశించారని క్లౌడ్‌సెక్ అంచనా.

ఈ లోపాన్ని సరిదిద్దే కొత్త వెర్షన్ 2024 జనవరి 24నే వచ్చింది. అంటే ఆరు నెలల ముందు. ఆ నెలాఖరుకు షాడోసర్వర్ సంస్థ లెక్కించగా, లోపంతోనే ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న జెన్‌కిన్స్ సర్వర్లు ప్రపంచవ్యాప్తంగా 45 వేలు. మరో ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ సాల్ట్‌లో 2020లో ఇలాంటి లోపాలే బయటపడినప్పుడు దుండగులు ఆరు నెలలేం ఆగలేదు. ఏప్రిల్ 30న వివరాలు వెల్లడైతే, మే మొదటి వారం తిరక్కముందే లీనియేజ్ ఓఎస్, ఘోస్ట్ సర్వర్లలో చొరబడ్డారు.

చిన్న బ్యాంకుల కష్టం హైదరాబాద్‌కు కొత్తేం కాదు. 2022 జనవరిలో ఏపీ మహేష్ సహకార అర్బన్ బ్యాంకు నుంచి హ్యాకర్లు 12 కోట్ల రూపాయలకు పైగా తరలించారు. అక్కడ దారి వేరు: ఉద్యోగులకు వచ్చిన నకిలీ ఈమెయిళ్లు. అదే ఏడాది ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం, సైబర్ దాడిని గుర్తించిన 6 గంటల్లో తమకు తెలపాలి. ఆ గడియారం తిరగడం మొదలయ్యేది దొంగ ఇంట్లో పడ్డాకే.