మా చిన్నాయన 4.20 ఎకరాలు బ్లాక్‌చెయిన్‌లో ఎక్కితే ఏమవుతుంది?

కళ్యాణదుర్గం దగ్గర మా చిన్నాయనకు మెట్ట భూమి ఉంది. పాత పాస్‌బుక్‌లో దాని విస్తీర్ణం 4.20 ఎకరాలు. ఆన్‌లైన్ 1బి తీస్తే 2.40. రెండంకెలు అటూ ఇటూ అయ్యాయి, అంతే. కానీ ఆ 1 ఎకరా 80 సెంట్లకు పంట రుణం రాదు, ఇన్‌పుట్ సబ్సిడీ రాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, వానను నమ్మి వేరుశనగ వేసేవాళ్లకు ఆ డబ్బు ఎంత అవసరమో అనంతపురం వాళ్లకు చెప్పక్కర్లేదు.

మొన్న ఊరికెళ్లినప్పుడు నా టెక్ జ్ఞానం కొంచెం చూపించాను. "చిన్నాయనా, రికార్డులన్నీ బ్లాక్‌చెయిన్‌లో పెడితే ఈ బాధ ఉండదు. ఒకసారి ఎక్కితే ఎవరూ మార్చలేరు."

"చైన్ అంటే సర్వేయర్ తెచ్చేదేనా?"

కాదని, అది కంప్యూటర్లలో ఉండే లెక్కల పుస్తకమని చెప్పాను. ఆయన పాస్‌బుక్‌ను మళ్లీ ప్లాస్టిక్ కవర్లో పెడుతూ అడిగినాడు: "సరేప్పా, దాంట్లో నా నాలుగూ ఇరవై ఎక్కుతుందా, ఈ రెండూ నలభై ఎక్కుతుందా?"

నా దగ్గర జవాబు లేదు. తిరిగొచ్చాక రెండు వారాలు దీని మీదే కూర్చున్నాను.

మీ ఇన్‌బాక్స్‌లో ఉన్న లెడ్జర్

బ్లాక్‌చెయిన్ అనగానే అందరూ బిట్‌కాయిన్ దగ్గర ఆగిపోతారు. దాన్ని పక్కన పెట్టి మీ ఫోన్ తీయండి. బ్యాంకు పంపిన ఎస్సెమ్మెస్‌లో పంపినవారి చోట నంబర్ బదులు ఇంగ్లిష్ అక్షరాల పొట్టి పేరు ఉంటుంది కదా, దాన్ని హెడర్ అంటారు. ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి సంస్థా తన హెడర్‌నూ, పంపే మెసేజ్ టెంప్లేట్‌నూ డీఎల్‌టీ ప్లాట్‌ఫామ్‌లో నమోదు చేయాలి. డీఎల్‌టీ అంటే డిస్ట్రిబ్యూటెడ్ లెడ్జర్ టెక్నాలజీ. బ్లాక్‌చెయిన్ అందులో ఒక రకం. మన దేశంలో రోజూ ఇంతమంది చేతుల్లో, వాళ్లకు తెలియకుండానే నడుస్తున్న లెడ్జర్ నాకు ఇంకోటి కనబడలేదు.

ఇక్కడ లెడ్జర్ పెట్టడానికి గట్టి కారణమే ఉంది. జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ ఒకరికొకరు పోటీదార్లు. ఒకరి పుస్తకం మీద ఇంకొకరు ఆధారపడరు, కానీ జాబితా మాత్రం అందరికీ ఒకటే కావాలి.

2021 మార్చి 8న టెంప్లేట్‌తో సరిపోలని మెసేజ్‌లను ఆపడం మొదలుపెట్టారు. ఓటీపీలు ఆగిపోయాయి, పేమెంట్లు మధ్యలో వేలాడాయి. మరుసటి రోజే ట్రాయ్ దాన్ని ఏడు రోజులు వాయిదా వేసింది. లెడ్జర్ హ్యాక్ కాలేదు, పాడవలేదు. చెప్పిన పని చెప్పినట్టే చేసింది. చాలా సంస్థల టెంప్లేట్లే అందులో సరిగా ఎక్కలేదు. ఇది చదువుతుంటే నాకు చిన్నాయన ప్రశ్నే గుర్తొచ్చింది.

రెండు హ్యాష్‌లూ ఒకే బలం

మీరూ ఇంట్లో చేసి చూడొచ్చు. ఆండ్రాయిడ్‌లో టర్మక్స్ వేసుకుని, ఒక టెక్స్ట్ ఫైల్‌లో "విస్తీర్ణం 4.20" అని రాసి, షా256సమ్ కమాండ్ ఇచ్చాను. 64 అక్షరాలూ అంకెలూ కలిసిన వరుస వచ్చింది. 2.40 అని మార్చి మళ్లీ ఇస్తే పొంతనే లేని ఇంకో వరుస. బ్లాక్‌చెయిన్‌లో ప్రతి బ్లాక్ తన ముందు బ్లాక్ హ్యాష్‌ను మోస్తుంది, కాబట్టి పాత ఎంట్రీని ఎవరైనా కదిలిస్తే లెక్క తప్పి దొరికిపోతారు. అందులో సందేహం లేదు. కానీ 2.40కి వచ్చిన హ్యాష్ కూడా 4.20 హ్యాష్ అంత గట్టిదే. ఏది నిజమో దానికి తెలీదు.

మన రాష్ట్రం ఈ దారిలో తొందరగానే అడుగేసింది. 2017 అక్టోబర్‌లో, విశాఖలో బ్లాక్‌చెయిన్ సదస్సు జరిగిన రోజుల్లోనే, స్వీడన్ స్టార్టప్ క్రోమావేతో భూ రికార్డుల పైలట్ ప్రకటించారు. అమరావతి భూముల రికార్డులకు హైదరాబాద్ స్టార్టప్ జెబీ పనిచేసింది. క్రోమావే అప్పటికే స్వీడన్ భూ రిజిస్ట్రీతో ప్రయోగాలు చేస్తోంది. అయితే అక్కడ ఎవరి భూమి ఏదన్న విషయంలో పెద్దగా గొడవ లేదు. అమ్మేవాడు, కొనేవాడు, బ్యాంకు మధ్య కాగితాలు తిరిగే ఆలస్యాన్ని తగ్గించాలని చూశారు. మన దగ్గర రిజిస్ట్రేషన్ అంటే డాక్యుమెంట్‌ను నమోదు చేయడమే, హక్కుకు ప్రభుత్వ గ్యారంటీ కాదు. మా చిన్నాయన కేసులో, నాకు అర్థమైనంతవరకు, కాగితం నుంచి కంప్యూటర్‌కు ఎక్కించిన రోజే తప్పు పడింది. చైన్ దాని తర్వాత మొదలైతే, మొదటి బ్లాకే తప్పు.

అలాగని పనికిరాదని అనను. ఎక్కించినప్పుడు సరిగ్గా ఉండి, తర్వాత ఎవరో మార్చి ఉంటే, ఏ రోజు ఏ లాగిన్ నుంచి మార్చారో చైన్ చూపించేది. రుజువు చేసుకునే భారం రైతు నెత్తిన అంత ఉండేది కాదు. అయితే ఆ కాపీలు ఎవరి దగ్గర ఉన్నాయన్నది ముఖ్యం. కేంద్రం 2024 సెప్టెంబర్‌లో తెచ్చిన విశ్వస్య బ్లాక్‌చెయిన్ స్టాక్ భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లలో నడుస్తుంది. ఊర్లు మూడు, కానీ డేటా సెంటర్లు మూడూ ఎన్ఐసీవే. సర్వర్ కాలిపోతే డేటా పోదు, మంచిదే. కానీ ఒకే సంస్థ నడిపే మూడు కాపీలకూ, పోటీదార్ల చేతుల్లో ఉన్న కాపీలకూ తేడా ఉంది. ఒక కాపీ బ్యాంకు దగ్గరా, ఇంకోటి కోర్టు దగ్గరా ఉంటే నేను ఇంకాస్త నమ్ముతాను.

మొదటి ఎంట్రీ సరిచేయాలంటే పొలంలో కొలవాలి. 2020 డిసెంబర్‌లో రాష్ట్రంలో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు వాడారు. గ్యాడ్జెట్‌గా చూస్తే రోవర్ భలే వస్తువు. శాటిలైట్ సిగ్నల్‌కు నేల మీది స్టేషన్ల కరెక్షన్ కలిపి, మన ఫోన్ జీపీఎస్ మీటర్లలో తప్పే చోట సెంటీమీటర్లలో చెబుతుంది. అయినా విస్తీర్ణాల మీద రైతుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. గట్టు ఎక్కడుందో పక్క పొలం వాళ్లు ఒప్పుకోవాలిగా మరి.

పోయిన వారం చిన్నాయనకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. రెండూ నలభై కూడా ఎక్కుతుందని ఒప్పుకున్నాను.

"అదే కదప్పా నేను అన్నింది," అన్నాడు. కొలతకు అర్జీ పెట్టినాడట. పక్క పొలం వాళ్లతో కూడా మాట్లాడినాడట, ఆ రోజు వచ్చి గట్టు చూపిస్తామన్నారట. తేదీ ఇంకా ఇవ్వలేదు. రసీదు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమంటే, పంపినాడు గానీ అసలుది మాత్రం పాస్‌బుక్‌తో పాటు అదే ప్లాస్టిక్ కవర్లో పెట్టినాడు.