జ్ఞానదంతము తీసిన రాత్రి

సాయంకాలము దంతవైద్యుని వద్ద పన్ను తీయించుకొని వచ్చినవాని దిండు మీద రాత్రి పదిగంటలకు ఎర్రని మరక కనిపించినచో ఇల్లంతయు మేలుకొనును. ఒకరు ఉప్పునీళ్లు పుక్కిలించుమందురు. ఒకరు పసుపు అద్దుమందురు. మరియొకరు దీపము తెచ్చి, నోరు తెరిపించి, వ్రేలితో బుగ్గ లాగి గాయములోనికి తొంగిచూతురు. రోగి మాత్రము నిమిషమునకొకసారి పెరటిలోనికి పోయి ఉమ్మివచ్చుచుండును. ఉమ్మిన కొలది రక్తము వచ్చును; వచ్చిన కొలది ఉమ్మును. చిలకలూరిపేటకు బస్సులో వచ్చి పన్ను తీయించుకొని, యడ్లపాడు వైపుననో నాదెండ్ల వైపుననో ఉన్న తన పల్లెకు తిరిగిపోయిన మనిషికి ఆ వేళ దంతవైద్యుడు దొరకడు. కనుక ఆ రాత్రి నోటిలో ఏమి జరుగుచున్నదో ముందే తెలిసియుండుట మంచిది.

ఆ ఇంటివారు చేసిన పనులన్నిటిలోను ఉన్న పొరపాటు ఒక్కటే. గాయములో పేరుకొన్న ముదురు ఎరుపు గడ్డను వారు మలినమనుకొనిరి. నిజమునకు గాయమునకు మందు ఆ గడ్డయే.

జ్ఞానదంతములు దౌడకు చిట్టచివర, పైన రెండు, క్రింద రెండు, సాధారణముగా 17, 25 ఏండ్ల నడుమ మొలచును. యుక్తవయస్సులో వచ్చునవి కనుక ఆ పేరు వచ్చినదే కాని, జ్ఞానమునకు వీనితో సంబంధము లేదు. కొందరికి ఒకటి రెండు పండ్లు అసలే పుట్టవు. వారికి కలుగు లోపమేమియు లేదు. చాలమందికి దౌడలో చోటు చాలక ఈ పన్ను ప్రక్కకు ఒరిగి, సగము చిగురు క్రిందనే చిక్కుకొనియుండును. చిగురు మడత క్రింద అన్నము మెతుకులు చేరి కుళ్లును. వాపు, జ్వరము, నోరు తెరవలేకపోవుట సంభవించును. ముందరి పన్ను కూడ పుచ్చవచ్చును. అట్టి పన్నును తీయక తప్పదు. నిటారుగా మొలచి, బాధ పెట్టక, శుభ్రపరచుటకు వీలుగా నున్న జ్ఞానదంతమును ఊరక తీయించుకొనవలసిన పనిలేదు.

క్రింది జ్ఞానదంతమును తీయుట ముందరి పన్నును పెరికినంత సులభము కాదు. తరచుగా చిగురును కోసి, కొంత ఎముకను తొలిచి, పన్నును ముక్కలుగా చేసి తీయుదురు. తీసిన పిదప ఎముకలో ఒక గుంట మిగులును. ఆ గుంట గోడలలో సన్నని రక్తనాళములు అనేకములు తెగియుండును. చేతి మీద గాయమైనచో చర్మమును దగ్గరకు చేర్చి కట్టు కట్టవచ్చును. ఎముక గుంట గోడలు దగ్గరకు రావు. కట్టు కట్టుటకు నోటిలో వీలులేదు. పైగా ఆ చోటు ఎల్లప్పుడు తడి, నాలుక కదలిక ఆగదు, సూక్ష్మజీవులకు కొదవలేదు. ఇన్ని చిక్కుల నడుమ శరీరము ఆ గుంటను రక్తముతోనే నింపి, ఆ రక్తమునే మూతగా మార్చును.

ఆ మార్పు మూడంచెలలో జరుగును. మొదట తెగిన నాళములు ముడుచుకొనును. తరువాత ప్లేట్‌లెట్లని అందరు పిలుచు రక్తఫలకికలు తెగిన అంచులకు అంటుకొని, ఒకదానికొకటి అతుక్కొని, తాత్కాలికముగా బిరడా వేయును. డెంగ్యూ జ్వరముల పుణ్యమా అని ఈ ప్లేట్‌లెట్ల పేరు నేడు పల్లెలలో కూడ తెలియనివారు లేరు. ఆరోగ్యవంతుని రక్తములో ఘనపు మిల్లీమీటరుకు ఇవి సుమారు లక్షన్నర నుండి నాలుగున్నర లక్షల వరకు ఉండును. మూడవది అన్నిటికంటె ముఖ్యము. రక్తములో కరగియున్న ఫైబ్రినోజెన్ అను మాంసకృత్తు త్రాంబిన్ అను ఎంజైము వలన ఫైబ్రిన్ అను సన్నని పోగులుగా మారును. ఆ పోగులు వలవలె అల్లుకొని, రక్తకణములను బంధించి, బిరడాను గట్టిపరచును. నూలు మిల్లులున్న ఊరివారికి ఈ పని క్రొత్త కాదు: విడిగా నున్నప్పుడు తెగిపోవు పోగులే కలిసి అల్లుకొన్న పిదప బలము పొందును. కాని అల్లిక క్రొత్తగా నున్నంతవరకు దానిని లాగరాదు.

ఇక రాత్రి పది గంటల సంగతి. పన్ను తీయుటకు ముందు ఇచ్చు మత్తు సూదిలో లిగ్నొకెయిన్‌తోపాటు తరచు కొద్దిగా అడ్రినలిన్ కూడ కలుపుదురు. 80,000 భాగములలో ఒక భాగము ఉండుట సామాన్యము. అది రక్తనాళములను ముడుచుకొనునట్లు చేయును. మత్తు ఎక్కువసేపు నిలుచుటకు, రక్తము తక్కువగా కారుటకు ఇది తోడ్పడును. వైద్యుని గదిలో నుండి వచ్చునప్పుడు గాయము పొడిగా కనిపించుట కొంతవరకు ఈ మందు మహిమయే. కొన్ని గంటలకు దాని ప్రభావము తగ్గి, ముడుచుకొన్న నాళములు తిరిగి విచ్చుకొనును. సరిగా అదే సమయమునకు మనిషి ఇల్లు చేరి, కాళ్లు కడుగుకొని, వేడివేడి కాఫీ త్రాగి, పడుకొని తల క్రిందికి వాల్చును. ఆగిన రక్తము మరల ఊరుటకు ఇంతకంటె అనుకూలమైన వేళ లేదు. మొదటి దినము ఉమ్మిలో ఎర్రని చార కనిపించినంత మాత్రమున భయపడనక్కరలేదు.

కనిపించునది ఎంత రక్తమో కూడ తెలిసికొనవలెను. నీటితో నిండిన గాజుగ్లాసులో ఒక్క చుక్క ఎర్ర సిరా వేసి చూపినచో తరగతిలోని పిల్లలకు ఈ విషయము బోధపడును. గ్లాసంతయు ఎర్రబడును. గాయపడిన నోటిలో లాలాజలము మామూలుకంటె ఎక్కువగా ఊరును. దానిలో నాలుగు చుక్కల రక్తము కలిసినచో నోటినిండ రక్తమే అనిపించును. పలుచగా గులాబిరంగులో నున్నది ఉమ్మి. గుంట నుండి ముదురు ఎరుపు రక్తము పైకి ఉబికి, నోరు వెంటవెంటనే నిండుచుండుట వేరు. అది నిజమైన రక్తస్రావము.

అట్టి రక్తస్రావమునకు మొదటి చికిత్స ఒత్తిడి. రోగి లేచి కూర్చుండవలెను. గాయము పైకి పొంగి వ్రేలాడుచున్న మెత్తని ముద్దను మాత్రము శుభ్రమైన గుడ్డతో తుడిచివేసి, తడిపి పిండిన గాజుగుడ్డను చిన్న దిండువలె మడిచి, సరిగా గుంట మీద ఉంచి గట్టిగా కరచి పట్టవలెను. గడియారము చూచి అర్ధగంట, కాదన్న ముప్పావుగంట. నడుమ తీసి చూడరాదు. చాలమంది ఇక్కడనే తప్పుదురు. ఐదు నిమిషములకొకసారి గుడ్డను తీసి చూచుట వలన అంటుకొన్న గడ్డ గుడ్డతో ఊడివచ్చి, పని మొదటికి వచ్చును. గాజుగుడ్డ ముందరి పండ్ల మీద ఉండి, గుంట మీద ఒత్తిడి పడకుండుట మరియొక తప్పు.

గుడ్డ ఎందులకు, ప్రత్తి చాలదా అని పత్తిపంట పండు ఈ సీమలో ఎవరైనను అడుగవచ్చును. చాలదు. దూదిపోగులు విడివడి గాయములో చిక్కుకొనును. దూది తీయునప్పుడు గడ్డ కూడ వచ్చును. అదియునుగాక, జిన్నింగు మిల్లు నుండి వచ్చిన పచ్చి దూది అసలు తడిని పీల్చదు. పోగు మీద సహజముగా ఒక మైనపు పూత ఉండును. పచ్చి దూదిని నీటిగిన్నెలో వేసినచో తేలుచుండును; మందులషాపు దూదిని వేసినచో నీటిని పీల్చి మునుగును. పచ్చి దూదిని చాకలిసోడా నీటిలో బాగుగా ఉడికించి, కడిగి, ఆరబెట్టి మరల వేసి చూడవచ్చును. మైనము పోయిన కొలది అదియు నీటిని పీల్చును. బడిలో చేయదగిన ఈ ప్రయోగమునకు ఖర్చు లేదు. దూది మాత్రము నోటిలోనికి పోరాదు.

గడ్డను ఊడదీయునవి ఏవి? మొదటి 24 గంటలు పుక్కిలింపు, ఉమ్మివేత రెండును కూడవు. నోటిలో చేరిన ఉమ్మిని తల వంచి జారవిడువవలెను. మ్రింగినను ప్రమాదము లేదు, కాని రక్తము ఎక్కువగా మ్రింగినచో వాంతి కలుగును. స్ట్రాతో పీల్చి త్రాగునప్పుడు, గోలీసోడాను నోటితో పీల్చునప్పుడు నోటిలోని గాలిపీడనము తగ్గును. గుంటలోని మెత్తని గడ్డ పైకి లాగబడును. చుట్ట, బీడీ, సిగరెట్టు పీల్చుటలోను ఇదియే జరుగును. దానికితోడు నికోటిన్ రక్తనాళములను కుదించి గాయమునకు అందవలసిన రక్తమును తగ్గించును. పొగాకు పండించిన చేతులకు ఈ మాట రుచింపదు కాని, పన్ను తీసిన పిదప వారము దినములు పొగ మానుట ఉత్తమము. మూడు దినములైనను తప్పదు. పొగాకు కాడ నమలుట, సున్నముతో కూడిన తాంబూలము కూడ అట్టివే.

గుంటూరు మిరపకాయ మాట వేరుగా చెప్పవలెను. మిరపలోని కాప్సైసిన్ నిజముగా కాల్చదు. వేడిని గుర్తించు నాడుల చివరలనే అది తట్టును. ఆ నాడులలోని గ్రాహకమును 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరు. తట్టబడిన నాడులు చుట్టునున్న రక్తనాళములను విచ్చుకొనజేయును. కారము తిన్నప్పుడు ముఖము ఎర్రబడుట అందువలననే. క్రొత్త గాయమునకు అది పనికిరాదు. మిరపగింజ గుంటలో చిక్కినచో బాధ చెప్పనక్కరలేదు. గోంగూర పచ్చడి, ఆవకాయ వారము ఆగవచ్చును. చల్లని పెరుగన్నము, మజ్జిగ, చల్లార్చిన రాగిజావ, మెత్తని ఇడ్లీ, కారములేని ముద్దపప్పు రెండు మూడు దినములకు చాలును. ఉపవాసము చేయరాదు.

మొదటి దినము బుగ్గమీద చల్లని గుడ్డ వేయుచు, తీయుచు ఉండవలెను. తల క్రింద రెండు దిండ్లుంచి పడుకొనవలెను. వాపు మరునాటికి తగ్గవలసినది పెరుగుచున్నదేమని కొందరు దిగులుపడుదురు. వాపు రెండవ, మూడవ దినములలోనే హెచ్చుగా నుండి, తరువాత తీయును. దౌడ బిగిసి నోరు సగమే తెరచుకొనుట, బుగ్గ కమిలి పసుపుపచ్చగా నగుట కూడ వారము, పది దినములలో పోవును. ఒక దినము గడచిన పిదప గోరువెచ్చని ఉప్పునీటిని నోటబట్టి మెల్లగా అటునిటు త్రిప్పి జారవిడువవచ్చును.

గడ్డ చెదిరిపోయినచో ఏమగునో మూడవ, నాల్గవ దినమున తెలియును. తగ్గుచున్న నొప్పి తిరిగి లేచి, చెవి వరకు పోటు పొడుచును. నోరు వాసన వేయును. మామూలు మాత్రలకు లొంగదు. గుంటలో గడ్డ లేక ఎముక బయటపడియుండును. దీనిని ఎండుగుంట అనవచ్చును. 1896లో క్రాఫర్డ్ అను అమెరికా దంతవైద్యుడు దీనిని వర్ణించి ఇట్టి పేరే పెట్టెను. సాధారణముగా పన్ను తీయించుకొన్నవారిలో నూటికి కొద్దిమందికే ఇది వచ్చును. క్రింది జ్ఞానదంతముల విషయములో ఎక్కువ, పొగత్రాగువారిలో ఇంకను ఎక్కువ. దంతవైద్యుడు గుంటను కడిగి లవంగ నూనె సారమైన యూజెనాల్ గల మందు పెట్టినచో కొద్దిసేపటికే ఉపశమనము కలుగును. దుకాణములోని లవంగ నూనెను ఇంటిలో గాయములో పోసికొనరాదు; చిగురు బొబ్బలెక్కును.

కొందరి రక్తము ఎంత ఒత్తినను ఆగదు. పుట్టుకతోనే గడ్డకట్టు అంశములలో ఒకటి లోపించు హీమోఫీలియా, తల్లి ద్వారా కుమారులకు సంక్రమించును. సుమారు ఐదువేల మగశిశువులలో ఒకరికి ఇది ఉండును. తీవ్రత తక్కువగా నున్నవారిలో ఇది మొదటిసారి పన్ను తీసినప్పుడే బయటపడుట కలదు. కాలేయము చెడినవారికి, డెంగ్యూ నుండి అప్పుడే లేచినవారికి, రక్తము పలుచబడుటకు వార్ఫరిన్ వంటి మందు వాడువారికి కూడ ప్రమాదమే. ఆస్పిరిన్ సంగతి మరువరాదు. ఒక్క మాత్ర ప్లేట్‌లెట్ల అతుకును, ఆ ప్లేట్‌లెట్ల ఆయుర్దాయమైన వారము, పది దినముల వరకు చెరచును. దీని మూలమును 1971లో వివరించిన జాన్ వేన్ 1982లో నోబెల్ బహుమతి అందుకొనిన ముగ్గురిలో ఒకరు. కనుక పంటినొప్పికి ఇంటిలోనున్న ఆస్పిరిన్ తీసికొని వైద్యుని వద్దకు పోరాదు. కాని గుండెజబ్బుకు దినమునకొకటి వాడువారు తమంతట తాము మానుటయు ప్రాణాంతకము కావచ్చును. ఆ నిర్ణయము వైద్యులది. చిన్నప్పుడు చెవులు కుట్టినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు రక్తము చాలసేపు ఆగలేదా, మేనమామలకు అట్టిది ఉన్నదా అని వైద్యుడు అడిగినప్పుడు, ఇది పన్నుకు సంబంధించని ప్రశ్న అని దాటవేయరాదు. అట్టివారి కొరకు గడ్డను కరగనీయక కాపాడు ట్రానెక్సమిక్ ఆమ్లము నేడు ఉన్నది. దానిని జపానులో ఒకామోటో ఉటాకో అను వైద్యశాస్త్రవేత్రి, ఆమె భర్త కలిసి కనుగొని 1962లో ప్రకటించిరి.

రెండు మారులు అర్ధగంట చొప్పున ఒత్తిపట్టినను రక్తము ఉబుకుచునే ఉన్నచో, తల తిరిగినచో, మ్రింగుటకుగాని ఊపిరి తీయుటకుగాని కష్టమైనచో, తెల్లవారనిమ్మని ఆగరాదు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవలెను. వారము తరువాత క్రొత్తగా రక్తము వచ్చినచో అది చీముపట్టిన గుర్తు కావచ్చును. జ్వరము కూడ ఉన్నచో మరింత త్వరగా చూపించుకొనవలెను.

పై పన్ను తీసినచో కంటిచూపు తగ్గునన్న భయము మన పల్లెలలో ఇంకను పోలేదు. పండ్లకు స్పర్శనిచ్చు నాడి ఐదవ కపాలనాడి శాఖ. చూపునకు సంబంధించినది రెండవది. మెదడు నుండి రెండును వేరువేరు దారులలో వచ్చును. పన్ను తీసినచో కన్ను పోదు. క్రింది జ్ఞానదంతపు వేళ్ల దాపున పోవు నాడి ఒత్తిడికి గురియైనచో పెదవియో నాలుకయో కొన్ని వారములు తిమ్మిరిగా ఉండుట మాత్రము కలదు. చాలమందిలో అది దానంతటదే పోవును.

గడ్డ శాశ్వతముగా గడ్డగానే ఉండదు. రెండు మూడు దినములలోనే గుంట గోడల నుండి క్రొత్త రక్తనాళములు, కణములు దానిలోనికి ప్రాకి లేత కండను అల్లును. ఈ దశలో గాయము మీద తెల్లగా కనిపించు పొరను చీమనుకొని గీకువారు కలరు. అదియు మానుచున్న గాయపు పొరయే. మూడు నాలుగు వారములకు చిగురు పైన కప్పుకొనును. అప్పటివరకు మెతుకులు గుంటలో చేరుచుండును. భోజనమైన వెంటనే ఉప్పునీటితో కడుగుకొనవలెను. లోపల ఎముక నెమ్మదిగా అడుగు నుండి, ప్రక్కల నుండి పేరుకొనును. నాలుగు నుండి ఆరు నెలలు గడచిన పిదప తీసిన ఎక్స్‌రేలో ఒకనాటి గుంట చుట్టునున్న ఎముకలో కలిసిపోయి, ఎక్కడ నుండెనో కష్టముమీద గాని గుర్తుపట్టుటకు వీలుకాదు.